చెమట పట్టని చోటు

గోదావరిఖని భూగర్భ గనుల్లో లోతుకు దిగినకొద్దీ వేడి పెరుగుతుంది. దానితోపాటు తేమా పెరుగుతుంది. తేమ నిండిన గాలిలో చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. అందువల్ల బొగ్గు ఎత్తి టబ్బులు నింపే ఫిల్లర్లు చొక్కాలను పైనే వదిలి, చేతుల్లేని బనీను, మోకాళ్ల పైకుండే నిక్కరు వేసుకుని పనిలోకి దిగేవారు. ఆ బనీనును అక్కడ కట్ బనీను అంటారు. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు గాని, నిండు చేతుల చొక్కాతో లోపలికి వచ్చినవాడు ఆఫీసరైనా అయి ఉండాలి, కొత్తవాడైనా అయి ఉండాలి. భుజం దాచుకునే అలవాటు ఫిల్లర్లకు లేదు. ఎవరి దండచేతి మీద ఏ మచ్చ ఉందో, అది ఏ రాయి చేసిన గుర్తో, జోడీగా పనిచేసేవాడికి ఇంట్లోవాళ్లకన్నా బాగా తెలుసు.

నర్సింగం కుడిచేతికి, మోచేతి వెనుక భాగాన, ఒక నీలిగీత ఉండేది. పైకప్పు నుంచి పెచ్చు ఊడి పడినప్పుడు తగిలిన గాయం అది. గాయంలో చేరిన బొగ్గుపొడి చర్మం కింద నిలిచిపోతే, మానిన తర్వాత ఆ చోటు నీలంగా కనిపిస్తుంది. పచ్చబొట్టులో జరిగేదీ ఇదే. పాత కార్మికుల్లో అలాంటి గీత లేని చెయ్యి అరుదు. తన గీత మీద నర్సింగానికి కొంత గర్వం కూడా ఉండేది.

అతని జోడీ ఆగయ్య, వయసులో పెద్దవాడు. ఇద్దరూ కలిసి ఒకే టబ్బు నింపేవారు. 2009 వానాకాలంలో ఒకరోజు టబ్బు నిండాక బనీన్లు విప్పి పిండుకుంటున్నప్పుడు ఆగయ్య టోపీ దీపం నర్సింగం చేతి మీద పడింది. చేతి పొడవునా చెమట బొగ్గుపొడిని కోసుకుంటూ చారలు చారలుగా దిగింది. నీలిగీత పక్కన, రూపాయి బిళ్లంత మేర మాత్రం ఒక్క చారా లేదు. అక్కడ పొడి పొడిగానే, పౌడరు అద్దినట్టు నిలిచి ఉంది.

"ఏందిర ఇది? గీడ చెమటనే పట్టలే."

"ఏమో కాక. గోకినా తెలుస్తలేదు గీడ."

ఆగయ్య ఆ చోటును బొటనవేలితో రుద్ది చూసి నవ్వాడు. "బొగ్గు కూసున్నదిరా. రాయి తాకిన కాడ లోపటికి పోయి కూసుంటది. మా నాయినకు ఈపు మీద గట్లనే ఉండె. బొగ్గు ఒక్కపారి కూసున్నదంటే ఇగ లేవది, ఇల్లరికం అల్లుని లెక్క."

నర్సింగం కూడా నవ్వాడు. ఇది బొగ్గుగని మనుషులే చేయగల పొరపాటు. పొలం పనిచేసే మనిషి ఒంటిమీద తిమ్మిరెక్కిన మచ్చ కనిపిస్తే ఎవరో ఒకరు అనుమానపడతారు. గనిలో ప్రతి మచ్చకూ కారణం ముందే సిద్ధంగా ఉంటుంది.

మచ్చ ఆ కారణానికి లోబడి ఉండలేదు. ఆ ఏడాది చలికాలం నాటికి అది గీతను దాటి పెరిగింది. గని పైన స్నానాల గదిలో ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం ఫిల్లర్ల అలవాటు. ఒక మధ్యాహ్నం తన వంతు కోసం నిలబడి, పగటి వెలుగులో నర్సింగం తన చెయ్యిని తిప్పి చూసుకున్నాడు. మసి కడిగిన చోట మచ్చ చుట్టూ ఉన్న చర్మంకన్నా పాలిపోయి ఉంది. అంచు కొద్దిగా ఉబ్బి, రాగిరంగులో ఉంది. దాని మీద వెంట్రుక ఒక్కటీ లేదు. బొగ్గు నీలంగా ఉంటుంది, ఇది నీలం కాదు. అతడు తన వంతు రాకముందే చొక్కా తొడుక్కుని బయటికి నడిచాడు.

అతనికి మేనమామ సాయిలు గుర్తుకొచ్చాడు. చిన్నప్పుడు ఊరి వాగు అవతల ఒక పాకలో సాయిలు ఒంటరిగా ఉండేవాడు. అన్నం గిన్నెను బండ మీద పెట్టి, పెట్టినవాళ్లు వెనక్కి వచ్చాకే అతడు పాకలోంచి బయటికి వచ్చేవాడు. ఊరు దాన్ని పెద్దరోగం అనేది. అసలు పేరు పలికితే అంటుకుంటుందన్నట్టు ఎవరూ పలికేవారు కాదు.

కుష్టు చాలా నెమ్మదిగా పనిచేసే రోగం. దాని క్రిమి చర్మంలోని నరాలను వెతుక్కుంటుంది. అందుకే మచ్చ మీద స్పర్శ పోతుంది, చెమట పోతుంది. దానికి మందు ఉంది. సర్కారు దవాఖానల్లో ఉచితంగా ఇస్తారు. మొదటి మోతాదు పడిన కొద్ది రోజులకే అది ఇతరులకు అంటుకునే గుణం పోతుంది. నరం వాచి నొక్కుకుపోతే మాత్రం వ్యవధి కొన్ని నెలలే. ఆ గడువు దాటితే క్రిమి చచ్చినా నరం తిరిగి లేవదు. అంటే ఇక్కడ పోగలిగింది ప్రాణం కాదు, చెయ్యి. అంతకుముందు ఇల్లిల్లూ తిరిగి మచ్చలు వెతికే ఆరోగ్య కార్యకర్తలు ఉండేవారు. కేసులు తగ్గాయన్న లెక్కతో ఆ తిరగడం కూడా పలచబడింది. నర్సింగానికి ఇందులో ఏదీ తెలియదు. అతనికి తెలిసింది ఆ పాక ఒక్కటే.

దాచడం మొదలుపెట్టాక అతనికి ఒక సంగతి అర్థమైంది. గని లోపల దాచే అవసరమే లేదు. దిగిన కాసేపటికే బొగ్గుపొడి అందరి చర్మాన్నీ ఒకటే చేసేది. చేతుల్లేని బనీనులో భుజాలు బయటపెట్టుకుని, చీకట్లో, అతడు అందరిలాంటి మనిషిగా ఉండేవాడు. భయం మొదలయ్యేది పైకి వచ్చాకే. అందువల్ల స్నానాల గదికి వెళ్లడం మానేసి, ఒంటి మీది బొగ్గుతోనే నిండు చేతుల చొక్కా తొడుక్కుని క్వార్టరుకు వచ్చేవాడు.

భార్య జమున మొదట్లో నవ్వులాటగా తీసుకుంది, తర్వాత విసుక్కుంది.

"బొగ్గుబాయికాడ నీళ్లు బందయినయా? గోడలు సుత నల్లగైతున్నయి."

"ఆడ మంది ఎక్కువున్నరు."

"ఇన్నేండ్లు లేని మంది ఇప్పుడే పుట్టిన్రా? తలుపేసుకొని తానమేందో, కొత్త పెండ్లికొడుకు లెక్క."

అతడు స్నానానికి లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నాలుగేళ్ల కూతురు హర్షిణి, అతడు డ్యూటీ నుంచి రాగానే మెడకు వేలాడేది. మసి అంటుతుందని చెప్పి దింపేసేవాడు. స్నానం అయ్యాక కూడా మసే అంటుతుందనేవాడు. పిల్ల కొన్నాళ్లకు అడగడం మానేసింది.

నర్సింగం ఆ గని కబడ్డీ జట్టులో ఆటగాడు. కూతకు వచ్చినవాడి మడమను మూలనుంచి దొరకబుచ్చుకోవడంలో అతనికి పేరుంది. ఒకసారి పట్టుకున్నాడంటే, కాలు విడిపించుకోవడానికి బూటు విప్పినట్టు పాదమే విప్పుకోవాలని జట్టులో నవ్వేవారు. 2010 ఏప్రిల్‌లో గనుల మధ్య పోటీలకు ముందు, జట్టు బాధ్యత చూసే ఇంజనీరు భీమశంకరం కొత్త ఆకుపచ్చ జెర్సీలు తెచ్చాడు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఆటంటే ప్రాణం. జెర్సీలకు చేతులు లేవు. భుజం దగ్గర లోతుగా కోసి ఉన్నాయి. నర్సింగం లోపల పొడుగు చేతుల చొక్కా వేసి, దాని మీద జెర్సీ వేసుకుని మైదానానికి వచ్చాడు.

"ఏమయ్యా నర్సింగం, లోపల ఆ చొక్కా ఏమిటి? ఎదుటివాడికి నీ చెయ్యి జారిపోతుంది గానీ చొక్కా జారదు. విప్పేయ్."

"సలి పెడుతున్నది సార్."

"ఏప్రిల్‌లో చలా! రామగుండంలోనా?"

జట్టంతా గొల్లుమంది. వెనకనుంచి ఒకడు అందుకున్నాడు. "పెండ్లాం కొరికినట్టున్నది సార్, అందరి ముంగట విప్పుమంటే ఎట్ల?"

ఆ రోజు నవ్వు అతన్ని కాపాడింది. భీమశంకరం కూడా నవ్వి వదిలేశాడు. కానీ ఆట మొదలయ్యాక రెండుసార్లు మడమ చేతికి దొరికి జారిపోయింది. గట్టిగా పిడికిలి బిగించే బలంలో పెద్ద పాలు చివరి రెండు వేళ్లది. చూపుడువేలూ బొటనవేలూ సూది పట్టుకోవడానికి పనికొస్తాయి. బొగ్గు ఎత్తే చెమ్మస్ కర్రనూ మనిషి మడమనూ పట్టి ఉంచేవి ఉంగరపు వేలూ చిటికెన వేలే. నర్సింగం చేతిలో ఆ రెండూ బిగియడం లేదు. అతడు ఆడుతూ ఆడుతూ నిలబడి అరచెయ్యి చూసుకున్నాడు. చిటికెన వేలు మిగిలిన వేళ్లకు కొంచెం ఎడంగా, తనకు సంబంధం లేనట్టు నిలిచి ఉంది.

మరుసటి రోజు నుంచి అతడు మైదానానికి వెళ్లలేదు. బలిసిందని కొందరన్నారు, వయసైపోయిందని కొందరన్నారు. ముప్పై నాలుగేళ్లకు వయసెక్కడిదని ఆగయ్య పోట్లాడాడు. గనిలో చెమ్మస్ ఎడమచేతికి మార్చుకున్న సంగతి మాత్రం ఆగయ్య గమనించి కూడా ఏమీ అనలేదు. టబ్బు నిండుతూనే ఉంది.

అప్పుడు వెళ్లి ఉంటే చెయ్యి దక్కేది. అతడు ఒకసారి సర్కారు దవాఖాన గేటు దాకా వెళ్లాడు కూడా. లోపల వరుసలో తమ కాలనీ మనిషి ఒకడు కూర్చుని ఉన్నాడు. "ఏం అన్నా, ఇట్లొచ్చినవ్?" అని అతడు పలకరించాడు. "ఏం లేదు తమ్మి, ఊకెనే," అని నర్సింగం వెనక్కి తిరిగాడు.

2011 సెప్టెంబరులో రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. గనులు ఆగిపోయాయి. పనికి పోక వారాలు గడిచేసరికి ఫిల్లర్ల చర్మాలు ఎన్నడూ లేనంత తెల్లబడ్డాయి. ఒళ్లంతా నలుపు పట్టించే బొగ్గు లేక నర్సింగం పగలంతా చేతుల చొక్కాలోనే ఉండేవాడు. ఒకరోజు కార్మికులు రాజీవ్ రహదారి మీద వంటావార్పు పెట్టుకున్నారు. రోడ్డు మధ్యలో పొయ్యిలు, పక్కనే సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు. జట్టు ఆటగాళ్లంతా ఆకుపచ్చ జెర్సీల్లో రావాలని ముందురోజే కబురు పంపారు. ఆ రోజుల్లో అలాంటి పిలుపుకు రాలేదంటే మనిషి ఏ పక్షమన్న అనుమానం పుట్టేది. మామూలు పోటీకి ఎగవేసినట్టు దీనికి ఎగవేసే వీలు లేదు.

అతడు జెర్సీ వేసుకున్నాడు. కుడి మోచేతి చుట్టూ, కిందా పైనా కలిపి, వెడల్పాటి నల్లగుడ్డ గట్టిగా కట్టుకున్నాడు. నిరసనగా నల్లబ్యాడ్జీలు కట్టుకోవడం అప్పుడు అందరూ చేసేదే.

"అబ్బో, మావోడు అందరికన్న పెద్ద బ్యాడ్జి కట్టిండు!" అన్నాడు ఆగయ్య. ఆటగాళ్లకు అది నచ్చింది. ఆట మొదలయ్యేలోగా మరి కొందరు మోచేతులకు నల్లగుడ్డలు కట్టుకుని వచ్చారు. వాళ్ల మధ్య నర్సింగం, ఏడాదిన్నర తర్వాత, భుజాలకు ఎండ తగులుతుండగా ఆడాడు. ఒక్క మడమ దొరికింది. ఎడమచేత్తో పట్టి పడగొట్టాడు. ఈలలు మోగాయి. అతడు నవ్వడం ఆగయ్య చాలా రోజులకు చూశాడు.

ఆట తర్వాత అన్నం దించారు. పెద్ద డేగిశలో అన్నం ఉడికాక మూతిమీద గుడ్డ కట్టి ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టి గంజి వంచాలి. ఒకవైపు ఆగయ్య, ఇంకోవైపు నర్సింగం పట్టారు. చేతికి చిక్కిన గోనెగుడ్డ చిన్నది. నర్సింగం బొటనవేలూ పక్క రెండు వేళ్లూ గుడ్డ మీద ఉన్నాయి. చిటికెన వేలు, దాని కింది అరచేతి అంచు ఇత్తడికి ఆని ఉన్నాయి. గంజి ధారగా పారుతోంది. చుట్టూ మంది నినాదాలు ఇస్తున్నారు. ముందుగా వాసన వచ్చింది ఆగయ్యకు.

"నర్సిగా, చెయ్యి! చెయ్యి తియ్యిరా!"

"ఏమైంది కాక? ఇంక గంజి ఉన్నది."

"నీ చెయ్యి కాలుతున్నదిరా!"

నర్సింగం కిందికి చూశాడు. చూశాకే తీశాడు. చర్మం కొంత డేగిశకే ఉండిపోయింది. అంతవరకూ నినాదాలిచ్చిన వాళ్లలో ఒకడు, "అన్నది ఇనుప చెయ్యి!" అని మెచ్చుకోలుగా అరిచాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. ఎవరో బిందెతో నీళ్లు తెచ్చారు. కట్టు కట్టడానికి గుడ్డ కావలసి వచ్చింది. అందుబాటులో ఉన్నది అతని మోచేతి నల్లగుడ్డే. వద్దని నర్సింగం చెయ్యి లాక్కునేలోగా ఒకడు ముడి విప్పేశాడు.

మచ్చ అప్పటికి అరచెయ్యంత ఉంది. ఎండలో దాని అంచు స్పష్టంగా కనిపించింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి. ఆగయ్య మచ్చ వంకా, కాలినా నొప్పి తెలియని వేళ్ల వంకా మార్చి మార్చి చూశాడు. ఈసారి బొగ్గు కూర్చుందని అనలేదు.

దవాఖానలో డాక్టరమ్మ దూది పోచతో ముట్టి, కళ్లు మూసుకుని ముట్టిన చోటు వేలితో చూపించమంది. భుజం మీద చూపించాడు, ఛాతీ మీద చూపించాడు. మోచేతి దగ్గర, చిటికెన వేలి మీద ఆమె ఎన్నిసార్లు ముట్టినా అతని వేలు కదలలేదు. మోచేతి లోపలి ఎముక వెనుక ఆమె నొక్కి చూసింది. అక్కడ నరం తాడులా దళసరిగా తగిలింది.

"వేళ్లు ఎప్పటినుంచి ఇట్లున్నాయి?"

"పోయినేడు ఎండాకాలం సంది."

ఆమె చిటికెన వేలిని చాపి చూసింది. "బలం తగ్గిన కొత్తలోనే వచ్చి ఉంటే..." అని ఆగి, మందుల అట్టలు తీసింది.

జమున అడిగింది. "ఇప్పుడు వాడితే తక్కువైతది గదా అమ్మా?"

"రోగం పోతుందమ్మా. నీకూ పాపకూ ఏమీ లేదు, చూశాను. కానీ వేళ్లు తిరిగి వస్తాయని నేను మాట ఇవ్వలేను. వాపు తగ్గే బిళ్లలు కూడా రాస్తున్నాను. చూద్దాం."

బయట వేపచెట్టు కింద జమున అతని ఎదురుగా నిలబడింది. "నాకు చెప్తే తింటుంటినా నిన్ను? రెండేండ్లు! కన్నబిడ్డను దగ్గరికి రానియ్యకపోతివి. తలుపేసుకొని తానాలు చేస్తుంటే నవ్వుకుంటి, పిచ్చిదాన్ని."

"సాయిలు మామను పాకల పెట్టింది ఎవరనుకున్నవ్?"

"ఎవరు?"

"మా అమ్మ. తోడబుట్టిన అక్క. ఆయన్ను మస్తు పావురంగ, పాణం లెక్క సాదింది. గామెనే పెట్టింది."

జమున కొంగుతో ముఖం తుడుచుకుని మందుల సంచీ చేతికి తీసుకుంది.

సమ్మె ముగిశాక అతనికి గని పైన, టోపీ దీపాలు చార్జి చేసి ఇచ్చే గదిలో పని ఇచ్చారు. ఎవరూ వెళ్లగొట్టలేదు. కాలనీలో ఎవరూ గిన్నె బండ మీద పెట్టలేదు. పక్క క్వార్టరువాళ్లు నీళ్లు పట్టుకునే వేళ మార్చుకున్నారు, అంతే.

ఆగయ్య ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. గడప లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోక, చొక్కా విప్పి కట్ బనీనుతో నిలబడ్డాడు. తర్వాత అదీ విప్పాడు.

"ఆ డాక్టరమ్మ నిన్ను ఎట్ల చూసిందో గట్ల చూడు నన్ను."

"దవాఖానకు పో కాక. ఏం అనరు. మంచిగ చూస్తరు."

"ఆడ మంది కూసుంటరు." ఆగయ్య గొంతు తగ్గింది. "ఒక్క సీస నీళ్లే ఇద్దరం తాగితిమి, ఇన్నేండ్లు."

నర్సింగం దూది తీసుకుని కిటికీ వెలుగులోకి అతన్ని తిప్పాడు. ఆ వీపు నిండా నీలిగీతలు. ఒక్కొక్కదాని పక్కన దూదితో ముట్టాడు. ప్రతిసారీ ఆగయ్య, కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి వెనక్కి వంచి సరిగ్గా అదే చోటు చూపించాడు. ఎక్కడా తప్పలేదు.

"ఏం లేదు కాక. అయినా నా చూపు నమ్మకు. నేను సుత రెండేండ్లు ఏం లేదనే అనుకున్న. దవాఖానకు పో."

"పోత, పోత." ఆగయ్య చొక్కా గుండీలు తొందరగా పెట్టుకున్నాడు. జమున చాయ్ తెచ్చింది. "షుగరు వచ్చిందమ్మా, చాయ్ తాగుతలేను," అన్నాడు. ఆ పొద్దునే చౌరస్తా హోటల్లో అతడు చాయ్ తాగుతుండగా జమున కూరగాయల సంచీతో అటు వస్తూ చూసింది. ఆ మాట అనకుండా గ్లాసు వెనక్కి తీసుకుపోయి, వంటింట్లో నిలబడి తానే తాగింది.

మందులు ఏడాదికి అయిపోయాయి. రోగం నయమైందని కార్డు మీద రాసి ఇచ్చారు. మచ్చ అంచు అణిగింది, రంగు కొంత తిరిగి వచ్చింది. వేళ్లు రాలేదు. చిటికెన వేలూ ఉంగరపు వేలూ లోపలికి వంగి అలాగే నిలిచిపోయాయి. స్పర్శ లేని చేతికి గాయం తెలియదు గనుక రోజూ ఒకసారి నీళ్లలో నానబెట్టి, నూనె రాసి, అన్ని వైపులా తిప్పి చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. అతడు ఒక్కరోజూ మానలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడాది, జూన్‌లో, వీధిలో ఇంకా పటాకుల కాగితాలు ఎగురుతున్న రోజుల్లో, సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కట్ బనీనుతో పెరట్లో తొట్టి ముందు కూర్చున్నాడు. ఇప్పుడు ఇంట్లో దాచుకునేదేమీ లేదు. చెయ్యి నానబెట్టి, బయటికి తీసి, ఎడమచేత్తో తిప్పాడు. అరచేతి అంచున లోతైన గాయం ఒకటి, అంచులు తెల్లబడి ఉంది. నెత్తురు ఎప్పుడో ఆగిపోయింది.

"జమునా, ఇది ఎప్పుడు తాకింది?"

ఆమె బట్టలు ఆరేయడం ఆపి వంగి చూసింది. "పొద్దుగాల లేదే. దీపాల కాడ ఏమన్న కోసుకుపోయిందా?"

అతడు పొద్దున్నుంచి చేసిన పనులన్నీ వరుసగా తలుచుకున్నాడు. దీపాలు అందించడం, తీగలు చుట్టడం, తాళం తియ్యడం, సైకిలు తొక్కుకుంటూ రావడం. ఏ ఒక్క చోటా చెయ్యి అతనికి ఏమీ చెప్పలేదు.

"తెల్వది," అన్నాడు.

జమున గుడ్డపేలిక తేవడానికి లోపలికి వెళ్లింది.